హోస్కోటె తెరల మీద హాన్లే ఆకాశం

బెంగళూరు శివారులో హోస్కోటె దగ్గరున్న భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ప్రాంగణానికి టెలిస్కోపు చూద్దామని వెళ్తే కంప్యూటర్ తెరలే ఎదురవుతాయి. 2 మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు లడఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉంది. ఉపగ్రహ లింకు మీద దాన్ని ఇక్కణ్నుంచే నడుపుతారు. నేను వెళ్లినప్పుడు ఒక తెర మీద నలుపు తెలుపుల్లో నక్షత్రాల చిత్రం, పక్క తెర మీద హాన్లే గాలి వేగం, తేమ అంకెలు. పరిశీలకుల చూపు ముందు తేమ అంకె మీదకే పోతోంది.

భూమిలాంటి గ్రహాలను వెతకడం అంతరిక్ష టెలిస్కోపుల పనేనని చాలామంది అనుకుంటారు. సూర్యుడి లాంటి నక్షత్రం దగ్గర వెతికితే అది చాలావరకు నిజమే. గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం మసకబారడాన్ని పట్టుకోవాలి, భూమి అడ్డొస్తే సూర్యుడి వెలుగు పదివేలలో ఒక వంతు కూడా తగ్గదు. కానీ నక్షత్రమే చిన్నదైతే లెక్క తిరగబడుతుంది. కుంభరాశిలో, 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ట్రాపిస్ట్-1 వ్యాసార్థం సూర్యుడిలో ఎనిమిదో వంతు లోపే. అక్కడ భూమంత గ్రహం అడ్డొస్తే వెలుగు వెయ్యిలో ఆరు వంతుల దాకా పడిపోతుంది. పైగా దాని చుట్టూ దగ్గరి గ్రహానికి ఏడాదంటే ఒకటిన్నర రోజే కాబట్టి మళ్లీ చూడటానికి ఎన్నో రోజులు ఆగక్కర్లేదు. అందుకే చిలీలోని లా సియాలో 60 సెంటీమీటర్ల టెలిస్కోపుకు దాని గ్రహాలు మొదట దొరికాయి. 2016లో ప్రకటించిన ఆ పరిశీలనల్లో హాన్లే పాలూ ఉంది. చిలీలో పగలున్నప్పుడు లడఖ్‌లో రాత్రి మరి. 2017లో ఏడు గ్రహాలని తేల్చడానికి మాత్రం స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు ఏకధాటి చూపు కావాల్సి వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి.

నేల మీద నుంచి చూడటంలో అసలు చిక్కు తేమే. ఈ చిన్న, ఎర్రని నక్షత్రాలు ఎక్కువగా పరారుణంలో వెలుగుతాయి, నీటి ఆవిరి దాన్ని పీల్చేస్తుంది. పక్కనున్న వేడి నక్షత్రాలతో పోల్చి కొలుస్తారు కదా, ఆవిరి పెరిగితే వాటికన్నా ఎర్రనిది ఎక్కువ మసకబారి, లేని గ్రహం ఉన్నట్టు భ్రమ పుడుతుంది. హాన్లే పొడి గాలికి విలువ అక్కడే.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఇలాంటి నక్షత్రాలు జ్వాలలు చిమ్ముతాయి, గ్రహాలు బహుశా నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతూ తిరుగుతాయి. ట్రాపిస్ట్-1 గ్రహాల్లో అన్నిటికన్నా లోపలి దాని మీద చెప్పుకోదగ్గ వాతావరణం లేదని 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు కొలతలు సూచించాయి. అయితే అది భూమికి అందే దానికి నాలుగు రెట్ల వేడి తినే గ్రహం. నివాసయోగ్య మండలంలోని వాటికి ఆ తీర్పు వర్తించదు. చిన్న నక్షత్రాలు గాలిని ఊడ్చేస్తాయా అన్నది ఊహతో తేలదు. ఇప్పుడున్న పరికరాలతో పరీక్షించగల రాతి గ్రహాలు దాదాపుగా వీటి చుట్టూనే ఉన్నాయి, ఆ గ్రహాలను వెబ్ ముందు పెట్టిన వాటిలో ఈ చిన్న టెలిస్కోపులూ ఉన్నాయి.

ట్రాపిస్ట్-1 గ్రహాలు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల అడ్డొచ్చే వేళలు నిమిషాల తేడాతో జరుగుతుంటాయి. వాటి బరువులు తేలింది ఆ తేడాల నుంచే. అందుకు ఏళ్ల తరబడి గడియారం పట్టుకుని చూడాలి. ఎందరో క్యూలో నిలబడే అంతరిక్ష టెలిస్కోపు అన్ని రాత్రులు ఒక్క నక్షత్రానికే ఇవ్వలేదు.