వర్లీ చాళ్లు: కొలత, లెక్క, మాట

బొంబాయి మిల్లు బతుకులో వర్లీ బీడీడీ చాళ్లది పెద్ద పేరు. 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించింది కాబట్టి బీడీడీ అన్నారు. వర్లీలో 121 చాళ్లు. ఒక్కో చాలులో 80 ఖోలీలు. ఖోలీ 160 చదరపు అడుగులు. ఇప్పుడు వాటిని కూల్చి ఎత్తయిన మేడలు కడుతున్నారు. మరి అక్కడి బతుకును రాసిపెట్టేదెట్లా?

మనుషులనూ, వాళ్లుండే చోటునూ కలిపి చూసే చదువును మానవ భూగోళశాస్త్రం అంటారు. అందులో ఒక్క పద్ధతినే నమ్ముకుంటే పని సగమే అవుతుంది. కొలవాలి, లెక్కపెట్టాలి, మనుషులతో కూర్చుని మాట్లాడాలి.

టేపు పెట్టి కొలిస్తే 160 అడుగులని తేలుతుంది. పగటి షిఫ్టువాళ్లు లేచిపోయిన చాప మీదే రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి పడుకున్న సంగతి టేపుకు దొరకదు. పటంలో నడవా అంటే దారి. చాలులో పెరిగినవాళ్లకు అది ఆటస్థలం, రాత్రయితే పడకగది.

ఇక లెక్క. 1921 జనాభా లెక్కల్లో బొంబాయిలో 1000 మంది మగవాళ్లకు ఆడవాళ్లు ఇంచుమించు 525 మంది. పెళ్లాంపిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లు ఎందరో ఆ అంకెలో కనిపిస్తుంది. వాళ్లకు అన్నం పెట్టిందెవరు? అది మాటల్లో తెలుస్తుంది. ఇరుకు ఖోలీలోనే ఖానావళి నడిపి, షిఫ్టు షిఫ్టుకూ వండిపెట్టిన ఆడవాళ్లు. "ఏం పని చేసేదానివవ్వా?" అంటే "ఏం పని నాయనా, ఇంట్లోనే" అంటారు. "తెల్లారి లేచిన కాడినుంచి ఏమేం చేసేదానివి?" అని అడగాలి. అప్పుడు పొద్దుగూకే దాకా చెబుతారు. అట్లాంటి ఆడవాళ్లను కూడగట్టి, బ్యాంకు అప్పులిప్పించడానికే ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు.

మాట ఒక్కటే ఉన్నా చాలదు. "సమ్మెకు ముందు, సమ్మె తర్వాత" అంటారు పెద్దలు. 1982 జనవరి 18 అనేది కాగితంలో దొరుకుతుంది. ఆ సమ్మెలో ఇంట్లో ఏ గిన్నె తాకట్టుకు పోయిందో కాగితం చెప్పదు. రెండూ పొసగని చోట మళ్లీ వెళ్లి అడగాలి. కొత్త సంగతి అక్కడే బయటపడుతుంది.

దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. షోలాపూర్‌లోనైనా, భివండీలోనైనా ఒక నోటుబుక్కు చాలు. ఖోలీ బొమ్మ గీయండి. ఎవరెవరు ఉన్నారు, ఏ ఊరివాళ్లు, ఏ మిల్లు, ఏ ఖాతా, ఏ షిఫ్టు రాయండి. ముందు మాత్రం అవ్వతో మొదలుపెట్టండి. కొలతలు ఏ ఆఫీసులోనైనా దొరుకుతాయి.