ఐగుప్తులో ఇల్లిచ్చినవారు

క్రిస్మస్ కథలో మనం పండుగ చేసుకోని భాగం ఒకటున్నది. రంగుకాగితాల నక్షత్రాన్ని ఇంటి ముందు వేలాడదీస్తాము. గొల్లలకూ, తూర్పుదేశపు జ్ఞానులకూ పిల్లలచేత వేషాలు కట్టిస్తాము. తరువాతి ఘట్టానికి వచ్చేసరికి తెర దించేస్తాము. హేరోదు రాజు బేత్లెహేములోని పసివాళ్ళను చంపించడం, యోసేపు రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకొని ఐగుప్తుకు పారిపోవడం మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో ఉన్న సంగతులే. లోకరక్షకుడని మనం కొలిచే ప్రభువు మాటలైనా సరిగా రాని వయస్సులో ఒక కాందిశీకుడు.

మా సంఘంలో ఆదివారం ఉదయం పిల్లలకు బైబిలు కథలు చెప్పడం చాలా ఏళ్ళుగా నా వంతు. ఒకసారి ఈ కథ ముగించగానే ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె లేచి, "ఐగుప్తులో వాళ్ళకు ఇల్లు ఎవరిచ్చారు, మాస్టారూ?" అని అడిగింది. సువార్తలో ఆ మాట లేదు. అయినా ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. యోసేపుకు ఎవరో పని చూపి ఉంటారు. మరియకు ఎవరో మంచినీళ్ళ బావికి దారి చెప్పి ఉంటారు. వారి కులగోత్రాలు మనకు తెలియవు. ఒక్కటి మాత్రం ఊహించవచ్చు. ఆ బిడ్డ ఎవరో తెలిసి వారు తలుపు తీసి ఉండరు.

పేరు తెలియని ఆ గృహస్థులను తలచుకున్నప్పుడల్లా పేరు తెలిసిన ఒక గృహస్థు నాకు జ్ఞాపకం వస్తారు. ఆయన క్రైస్తవులు కారు. ఆయన ఆశ్రయమిచ్చిన పిల్లలు మాత్రం దాదాపు అందరూ క్రైస్తవులే.

1939 సెప్టెంబరులో పోలండును పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ యూనియన్ ఆక్రమించుకున్నాయి. 1940, 1941 సంవత్సరాలలో తూర్పు పోలండు నుంచి లక్షలాది ప్రజలను సోవియట్ ప్రభుత్వం గూడ్సుబండ్లలో కుక్కి సైబీరియాకూ, కజకిస్తానుకూ తరలించింది. చలికీ, ఆకలికీ, జ్వరాలకూ ఎందరో తల్లిదండ్రులు రాలిపోయారు. పిల్లలు మిగిలారు. 1941లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తిన తరువాత పోలండు ప్రవాస ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, ఆ బందీలకు విడుదల లభించింది. కాని దిక్కులేని పిల్లలను ఎక్కడికి పంపడం? అప్పుడు ముందుకు వచ్చినవారు నవానగర్ సంస్థానాధీశులు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ.

1942లో ఆ పిల్లలు లారీలలో ఇరాన్ ఎడారి దారులు దాటి, బొంబాయి మీదుగా జామ్‌నగర్ సమీపాన సముద్రతీరంలో ఉన్న బాలాచడీ గ్రామానికి చేరుకున్నారు. అక్కడి శిబిరంలో తలదాచుకున్నవారు ఆరు వందలకు పైమాటే. మన దేశం అప్పటికింకా పరాధీనం. క్విట్ ఇండియా ఉద్యమం ఆ ఏడాదే. బెంగాలును కబళించిన కరువు మరుసటి సంవత్సరమే. ఇంటివారికే చాలీచాలని రోజులలో అతిథులు వచ్చారు.

పిల్లలను ఎదుర్కొన్నప్పుడు జామ్ సాహెబ్, మీరు ఇక అనాథలు కారు, నేను మీ బాపూని అని చెప్పారట. పెద్దయిన తరువాత ఆ పిల్లలు తమ జ్ఞాపకాలలో ఎక్కువగా తలచుకున్నది ఈ మాటనే. వంటశాలలో ఉడికించి పెట్టిన పాలకూర తినలేక పిల్లలంతా ఒకనాడు సమ్మె కట్టారనీ, సంగతి తెలిసి ఆయన ఇకమీదట ఆ కూర వండవద్దని ఉత్తరువు చేశారనీ కూడా వారు నవ్వుతూ చెప్పుకున్నారు. సైబీరియాలో రొట్టెముక్క కోసం అలమటించిన పిల్లలు కూర బాగాలేదని అలిగారంటే, అది తమ ఇల్లేనన్న నమ్మకం వారికి కుదిరిందన్నమాట. అన్నం పెట్టేవాడి ఎదుట అనాథ అలగడు. తండ్రి ఎదుటనే బిడ్డ అలుగుతుంది.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. శిబిరంలో ఎగిరినది పోలండు జెండా. పాఠాలు పోలిష్ భాషలో సాగాయి. నిర్వహణ భారం వహించినవారు ఫాదర్ ఫ్రాన్చిషెక్ ప్లూతా అనే పోలండు కాథలిక్ గురువు. పిల్లల ప్రార్థనలు పిల్లలవిగానే ఉన్నాయి. జామ్ సాహెబ్ వారిని తన బిడ్డలన్నారే గాని తనలాంటి బిడ్డలు కమ్మనలేదు.

యుద్ధం పిల్లవాడినుంచి మొదట ఇల్లు లాక్కుంటుంది. తరువాత పేరు పెట్టి పిలిచే మనిషిని లాక్కుంటుంది. చివరకు మిగిలేది వాడి భాష, వాడి పాట, వాడి ప్రార్థన. ఈ చివరిదాన్ని యుద్ధం సైతం లాక్కోలేక వదిలిపెడుతుంది. తరచు దాన్ని అడిగి తీసుకునేది ఆశ్రయమిచ్చిన చెయ్యే.

ఈ విషయం మా సంఘంలో ఊరికే మాటగా నిలిచిపోలేదు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు చాలా ఏళ్ళుగా గుడిసెలలో బతుకుతున్నాయి. వారు ముస్లిములు. ఒక డిసెంబరులో వారి పిల్లలకు దుప్పట్లు ఇవ్వాలని సంకల్పించాము. ప్రతి దుప్పటి మడతలోను ఒక సువార్త కరపత్రం పెడదామన్నారు సంఘపెద్ద ఒకరు. ఆయన స్వార్థపరులు కారు. కంట నీరు పెట్టుకొని చెప్పిన మాట ఇది: "కరువులో మా ముత్తాతకు అన్నం పెట్టింది మిషనువాళ్ళే, మాస్టారూ. మాకు వాక్యం వచ్చిందీ ఆ చేతినుంచే. అది తప్పయితే మనం ఇక్కడ ఉన్నామా?"

ఆ ప్రశ్న తేలికగా తీసిపారవేయదగ్గది కాదు. దానికి జవాబు వారి ఒంగోలు చరిత్రలోనే దొరికింది. 1876-78 నాటి గొప్ప కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి చూపించారు. బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరున్నా, కరువు సాయం సాగినన్నాళ్ళూ ఆయన ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అన్నం కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తెలియని వేళ అది తగదని ఆయన నిశ్చయం. 1878 జూలైలో, సాయం ఆగిపోయిన తరువాత, ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నానికీ వాక్యానికీ నడుమ ఆ మనిషి కావాలనే ఎడం ఉంచారు. ఆ ఎడంలోనే మన పూర్వుల గౌరవం నిలిచింది.

పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే దుప్పట్లు దుప్పట్లుగానే వెళ్ళనివ్వండి" అన్నారు. మడత పెట్టడానికి తానే ముందు కూర్చున్నారు.

కాందిశీకుల హక్కులు నిర్ణయించవలసినవి ప్రభుత్వాలూ, న్యాయస్థానాలూ. చలికి వణికే పిల్ల అంతవరకు ఆగలేదు. 2024 చివరికి యుద్ధాలవల్ల, హింసవల్ల ఇల్లూవాకిలీ విడిచినవారు ప్రపంచంలో 12 కోట్లకు పైగా ఉన్నారనీ, వారిలో సుమారు 40 శాతం పిల్లలేననీ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. ఇంత పెద్ద అంకె ముందు మనిషి చేతులు ముడుచుకుంటాడు. బాలాచడీ చెప్పేది, అంకెతో మనకు పని లేదని. గడప దగ్గరకు వచ్చిన బిడ్డతోనే పని.

ఆ శిబిరం 1946లో ముగిసింది. పిల్లలలో చాలామందిని కొల్హాపూర్ దగ్గరి వలివడే శిబిరానికి తరలించారు. అక్కడినుంచి వారు దేశదేశాలకు చెదిరిపోయారు. జామ్ సాహెబ్ 1966లో మరణించారు. నేడు వార్సా నగరంలో మంచి మహారాజు పేర ఒక కూడలి ఉన్నది. చర్చీల గంటలు మోగే ఆ నగరంలో ఒక హిందూ రాజును తండ్రిగా తలచుకునేవారు ఉన్నారంటే, క్రైస్తవుడినైన నాకు అందులో వింత తోచదు. అంత్యదినపు తీర్పును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానంలో పరదేశిని చేర్చుకున్న నీతిమంతులు, మేము నిన్నెప్పుడు చూశామని ఆశ్చర్యపోతారు. ఆయననని తెలియకనే వారు తలుపు తీశారు. తెలిసిన తరువాత తీయడం సులభం.