నాలుగు 'క'లెందుకు?

ఇతర రాష్ట్రాల్లో ఉంటున్న మన తెలుగువాళ్ళని "పిల్లలకి తెలుగు వచ్చునా?" అని ఎవరైనా అడిగితే, "ఆఁ, మాట్లాడతారండీ" అని చెప్పి ఊరుకోవడం మామూలే. చదవడం, రాయడం సంగతి అవతలివారు అడగరు, మనమూ చెప్పం. నేను బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకి పైగా బ్యాంకులో పద్దులు చూసినవాణ్ణి. ఆ జవాబు నాకు ఒకవైపే రాసి వదిలేసిన పద్దులా కనిపిస్తుంది.

మా బంధువులబ్బాయి ఒకడు ఉద్యోగరీత్యా భార్యనీ, ఇద్దరు పసిపిల్లల్నీ వెంటబెట్టుకుని చైనా వెళ్ళి, షాంఘైలో మూడేళ్ళున్నాడు. అక్కడ కూరగాయల కొట్టు బోర్డు చదవాలన్నా వాళ్ళకి ఇంకొకరి సాయం కావలసి వచ్చేదట. "అయినా పిల్లలకి తెలుగు పోలేదు బాబాయ్! గుమ్మం దాటితే అంతా చైనా భాష, గుమ్మం లోపల అంతా తెలుగు. రెండూ కలిసిపోవడానికి సందేది?" అన్నాడు. ఆ మాట విన్నాక మా చెన్నై సంగతి నాకు ఇంకా బాగా బోధపడింది. ఇక్కడ మన చిక్కంతా దగ్గరితనంతోనే.

నేను 1997లో గుంటూరు జిల్లా నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. అప్పటికి మా అమ్మాయికి ఏడాదిన్నర. అబ్బాయి 2000లో ఇక్కడే పుట్టాడు. పక్కవాటాలో తమిళ కుటుంబం. అక్క వాళ్ళకీ అక్కే, మామ వాళ్ళకీ మామే. మన తమ్ముడు వాళ్ళకి తంబి, మన పప్పు వాళ్ళకి పరుప్పు. ఏ భాష ఎక్కడ ఆగిందో తెలియకుండానే పిల్లలు రెండు వాటాల మధ్యా తిరిగేవారు. ఒకనాడు మా అమ్మాయి "అమ్మా, తణ్ణి!" అని కేకేస్తే, ఊరినుంచి వచ్చిన మా అమ్మ "ఎవరే తన్నింది?" అని కంగారుగా లేచింది. పిల్లది అడిగినవి మంచినీళ్ళు! బ్యాంకు కౌంటరు దగ్గరా అంతే. "అవసరం సార్" అంటే డబ్బు కావాలని కాదు, తొందరగా ఉందని.

మా వైపు ఆనవాయితీ ప్రకారం మా ఆవిడ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. పక్కవాళ్ళు నవరాత్రులకి పెట్టేవారు. మా అమ్మాయి పట్టుబట్టి మా ఇంట్లోనూ రెండుసార్లూ పెట్టించింది. ఉగాది పచ్చడీ తిన్నాం, తమిళ సంవత్సరాదికి పక్కవాళ్ళు పెట్టిన పాయసమూ తాగాం. ఇందులో ఎవరికీ నష్టం లేదు. పేచీ అల్లా అక్షరాల దగ్గరే వచ్చింది.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ బోధన చట్టం చేసింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశారు. సరిగ్గా ఆ ఏడే మా అబ్బాయి ఒకటో తరగతిలో చేరాడు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లల తరఫున ఆ తర్వాత కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2023లో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి పరీక్షకి తమిళం పేపరు నుంచి వాళ్ళకి మినహాయింపు ఇచ్చింది కూడా. అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలమంది. అయినా మా వీధికి దగ్గర్లో ఉన్న బడిలో తెలుగు లేదు. కోర్టు తీర్పు వచ్చేదాకా పిల్లవాడి వయసు ఆగదు కదా!

పిల్లవాడికి తమిళం బాగా వచ్చింది. రావాలి కూడా. మనకి అన్నం పెడుతున్న ఊరి భాష అది. ఆదివారాలు ఇంట్లో తెలుగు పలక పట్టిస్తే మాత్రం వాడొక ప్రశ్న వేశాడు. "నాన్నా, తమిళంలో ఒక్క 'క'తో సరిపోతోందిగా, మనకి నాలుగెందుకు?" మాటలో అక్షరం ఉన్న చోటునిబట్టి తమిళులు 'క' అనో 'గ' అనో పలుకుతారు. "కాలికి తగిలిన దెబ్బా, గాలికి తగిలిన దెబ్బా ఒకటేనట్రా?" అన్నాను. నవ్వి, "మరి తమిళం పేరు చివరనున్న అక్షరం మనకి లేదేం?" అన్నాడు. పాత తెలుగు శాసనాల్లో అదీ ఉండేదనీ, తర్వాత పోయిందనీ చెప్పాను. "అంటే మనమే పారేసుకున్నామా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మా ఇంట్లో తెలుగు రాతకి గట్టి కారణమొకటి ఉండేది. మా అమ్మకి వినికిడి పూర్తిగా పోయింది. ఫోను పనికిరాదు. మనవలు ఆవిడతో మాట్లాడాలంటే ఉత్తరమొక్కటే దారి, ఆవిడకి వచ్చిన లిపి తెలుగొక్కటే. అందుకని నెల నెలా చందమామ, అంబులిమామ రెండూ కొనేవాణ్ణి. 1947లో ఈ ఊళ్ళోనే పుట్టిన పత్రికలవి. ముందు తమిళంలో కథ చదివేసి, ఆ తెలిసిన కథనే తెలుగులో కూడబలుక్కునేవారు. కథ తెలుసు కనుక అక్షరం భయపెట్టేది కాదు. 2013 ప్రాంతంలో ఆ ప్రచురణ ఆగిపోయింది కాని, అప్పటికి మా పని నెరవేరింది.

మా అబ్బాయి రాసిన మొదటి కార్డులో "నాయనమ్మా, బాకున్నావా?" అని ఉంది. అమ్మ జవాబు రాసింది: "బాకీ ఏమీ లేదు నాయనా, బాగానే ఉన్నాను." వాడు ఆ కార్డు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నాలుగు 'క'లెందుకో ఆ ఒక్క వాక్యంతో వాడికి తెలిసిపోయింది. మళ్ళీ ఆ తప్పు రాయలేదు.

అమ్మ 2012లో పోయింది. కార్డులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. పిల్లలిద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. పండక్కి వస్తే వాటిని తీసి, మేం చదివి పెట్టనక్కర్లేకుండా వాళ్ళే చదువుకుంటారు. ఆవిడ కంఠం వాళ్ళకి సరిగా గుర్తుందో లేదో గాని, ఆవిడ మాట తీరు మాత్రం తెలుసు.

మారిషస్‌లో తరతరాలుగా ఉంటున్నవారి పిల్లలకి అక్కడి ప్రాథమిక బడుల్లో తెలుగు చదువుకునే వీలుంది. మన బడుల్లోనూ ఉండాలని అడగవలసిందే, అర్జీలు పెట్టవలసిందే. ఈలోగా చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు వారానికొక గంట తీసిపెట్టి, వాళ్ళచేత ఎవరో ఒక పెద్దవారికి నాలుగు పంక్తులు రాయించండి. జవాబు రాసేవారు ఇంకా ఉన్నప్పుడే ఆ పని మొదలుపెట్టండి.