తెరుచుకోని ఎయిర్‌బ్యాగు

కారు కొనేముందు నడిపి చూస్తాము. బ్రేకులు వేసి చూస్తాము. ఎయిర్‌బ్యాగును మాత్రం ఎవరమూ పరీక్షించలేము. దాని పనితనం బయటపడేది ప్రమాద సమయంలోనే.

2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును గురించి చదివినప్పుడు నాకీ ఆలోచన కలిగింది. 2015లో ఒకాయన హ్యుందాయ్ క్రెటా కారు కొన్నారు. 2017 నవంబరులో ఢిల్లీ–పానిపట్టు రహదారిపై అది ప్రమాదానికి గురైంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆయన తలకు, ఛాతీకి, దంతాలకు గాయాలయ్యాయి. ఆయన వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. ముందువైపు నుండి తగినంత బలంతో దెబ్బ తగిలితేనే అవి తెరుచుకుంటాయని కంపెనీ వాదించింది. ఎంత బలమో సామాన్యుడు ఎలా కొలవగలడు? నా సందేహానికి న్యాయస్థానం మాటల్లోనే సమాధానం దొరికింది: వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కాడు. ముందుభాగం అంతగా దెబ్బతిన్నా ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడమే లోపానికి సాక్ష్యమని కోర్టు భావించింది.

కమిషన్ విధించిన మూడు లక్షల రూపాయల పరిహారాన్నీ, వాహనాన్ని మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ కోర్టు సమర్థించింది. అంతటి సంస్థకు ఈ సొమ్ము ఏపాటిది? అయినా చివరి మెట్టు వరకు పోరాడింది. ఆ భయం ఒక్క కారును గురించి కాదేమో!