శత్రువు లేని పతకం

షోలాపూర్ దారి పటాన్‌చెరు, చందానగర్, మియాపూర్ మీదుగా హైదరాబాద్‌లోకి వస్తుంది. సాయంత్రం ఐటీ బస్సులన్నీ అక్కడే ఇరుక్కుంటాయి. 1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగింది ఈ దారినే. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ చౌదరి ముందు లొంగిపోయాడు.

తొలి రోజే నల్‌దుర్గ్ దగ్గర సిక్కు రెజిమెంట్ హవల్దార్ బచిత్తర్ సింగ్, తొడలో బుల్లెట్ దిగినా పాకుతూ వెళ్లి మెషిన్‌గన్ స్థావరంపై గ్రెనేడ్లు విసిరి ప్రాణం విడిచాడు. 1952లో ఏర్పాటైన అశోక చక్ర మొదటి తరగతి పతకం ఆయనకు దక్కింది. బంగారు పూత పూసిన బిళ్ల, ఆకుపచ్చ రిబ్బన్ మధ్య నారింజ గీత. తుంగభద్ర దగ్గర పోరాడిన గూర్ఖా నాయక్ నర్‌బహదూర్ థాపాకూ అదే పతకం.

ఇక్కడే నాకు తిరకాసు కనిపిస్తుంది. ఈ పతకం శత్రువుకు ఎదురుగా కాకుండా చూపిన సాహసానికి. ఈ దండయాత్రకు ఢిల్లీ పెట్టిన పేరు ‘పోలీసు చర్య’; అలా అన్నాక శత్రువెక్కడ? మెషిన్‌గన్ మాత్రం నిజమే. ఢిల్లీ భలే జాగ్రత్తపడింది!

పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నిజాం లొంగుబాటు ప్రకటించిన సెప్టెంబర్ 17ను కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం మరో పేరుతో జరుపుతున్నాయి. నిజాం పక్షాన నిలిచిన సాయుధ రజాకార్ల దౌర్జన్యం చూసిన ఊళ్లకు సైన్యం రాక ఊరటే, కాదనను. కానీ హవల్దార్ తెగువను మెచ్చుకోవడానికి ఆ నివేదికను దాచాల్సిన పని లేదు.