వలిసెపూల గట్టున

విశాఖపట్నం నుంచి అరకు లోయకు రెండు దారులున్నాయి. శృంగవరపుకోట మీదుగా పోయే ఘాట్ రోడ్డు ఒకటి, కిరండూల్ వెళ్లే రైలు మార్గం మరొకటి. కొండలు తొలిచి 1960ల్లో వేసిన ఈ రైలు మార్గంలో సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి. బొమ్మలు వేసేవాడికి రైలే మేలు. చీకట్లోంచి వెలుగులోకి, మళ్లీ చీకట్లోకి పోతూ ఉంటే ఒక్కొక్క లోయ పటం కట్టినట్టు కనిపించి మాయమవుతుంది. బొర్రా దాటి శిమిలిగూడ చేరేసరికి మనం సముద్రానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటాం. అక్కడి నుంచి బండి కాస్త దిగి అరకు చేరుతుంది.

నేను వెళ్లింది డిసెంబరు మొదటివారంలో. సామానంతా ఒక సంచీ: నీటిరంగుల పెట్టె, నాలుగు కుంచెలు, కాగితాల అట్ట, మడతపీట, నీళ్ల సీసా.

ఆరుబయట కూర్చుని, ఎదుటనున్న దాన్ని చూస్తూ బొమ్మ వేయడానికి ఐరోపాలో ఒక చిన్న తగరపు గొట్టం ఎంతో తోడ్పడింది. అంతకుముందు నూనెరంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకునేవారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగును గొట్టంలో నింపి మూత బిగించే ఉపాయం కనిపెట్టాడు. రంగులు జేబులో పట్టాయి. చిత్రకారులు పొలాల మీద పడ్డారు. 1890, 91 సంవత్సరాల్లో క్లాడ్ మోనే గడ్డివాములనే పొద్దున ఒక రంగులో, సాయంత్రం ఒక రంగులో, మంచులో మరొక రంగులో ఎన్నోసార్లు చిత్రించాడు.

మనకూ ఈ దారి చూపినవారున్నారు. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో పైకి వచ్చిన దామెర్ల రామారావు బొంబాయిలో చదివి వచ్చి, గోదావరినీ దాని పరిసరాలనూ ప్రేమతో చిత్రించాడు. 1925లో, 28వ ఏట, మశూచికం ఆయనను తీసుకుపోయింది. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళితే ఆ బొమ్మలు ఇప్పటికీ చూడవచ్చు.

ఇక అరకు సంగతి. ఇక్కడ మొదటి చిక్కు మంచు. తెల్లవారి ఏడింటికి పది అడుగుల దూరాన ఉన్న చెట్టు కనిపించదు. గాలిలో తేమ వల్ల కాగితం మీద పూసిన రంగు అరగంటైనా ఆరదు. తొమ్మిది దాటాక మంచు అడుగునుంచి కాక పైనుంచి విడుతుంది. ముందు కొండకొమ్ములు తేలతాయి, తర్వాత సిల్వర్ ఓక్ చెట్ల తలలు, ఆ తర్వాత వాటి నీడన ఉన్న కాఫీ తోటలు, చివరకు ఎర్రమట్టి, పల్లంలోని మళ్లు. వెనుకనున్న కొండ ముందున్న కొండకంటే నీలంగా, పలుచగా ఉంటుందని పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ ఏడెనిమిది వరుసలు ఒకదాని వెనుక ఒకటి లేచి ఆ పాఠం చెబుతాయి.

అన్నిటికన్నా కష్టం వలిసెపూల పసుపు. కొండవాలు కొండవాలంతా పూచి ఉంటే, పెట్టెలోని పసుపు దాని ముందు వెలవెలబోతుంది. దగ్గర కూర్చుని గంటసేపు చూస్తే గాని తెలియదు, అది ఒక్క రంగు కాదని. ఎండ తగిలినచోట నిమ్మపండు, నీడలో పచ్చిక, దూరాన గంధం. పైగా చేనంతా తేనెటీగల రొద. అవి వాలితేనే ఈ పంటకు గింజ బాగా పడుతుంది.

నేను కూర్చున్న గట్టు ఒక ముసలమ్మది. మొదటిరోజు దూరంనుంచి చూసి వెళ్లింది. రెండోరోజు నా వెనుక నిలబడింది. అప్పుడే కారు దిగిన ఒక కుటుంబం ఫొటోల కోసం చేలోకి దిగింది. ఆమె కేకవేసి వాళ్లను గట్టెక్కించి, నావైపు తిరిగింది.

"నువ్వు లోపలికి దిగవేటి బాబూ?"

"ఇక్కడినుంచే బాగా కనిపిస్తోందమ్మా."

"తొక్కితే గింజ పోద్ది," అని పక్కనే చతికిలబడింది.

నాలుగోరోజుకు చేను పైకొస నుంచి రంగు తగ్గసాగింది. రేకులు రాలి, గోధుమరంగు బొడిపెలు బయటపడుతున్నాయి. నా బొమ్మ సగంలో ఉంది. "అయ్యో, అప్పుడే పువ్వు పోతోందే!" అన్నాను.

ఆమె నావంక వింతగా చూసింది. "పోకపోతే ఎలాగ బాబూ? పువ్వు రాలితేనే కదా గింజ."

నిజమే. నాలుగురోజులుగా నేను ఏది నిలవాలని కోరుతున్నానో, ఆమె అది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తోంది. బొడిపెలు నల్లబడ్డాక మొక్కలు కోసి, కుప్పవేసి, ఎండబెట్టి నూరిస్తే గింజ వస్తుంది. కొంత ఇంటి నూనెకు, మిగతాది అమ్మకానికి. అక్కడెక్కడో అమెరికాలో ఈ గింజను పెరట్లోకి వచ్చే పిట్టలకు మేతగా వేస్తారు. ఆ మాట చెబితే ఆమె నోటికి చెంగు అడ్డుపెట్టుకుని నవ్వింది.

ఆపైన మూడురోజులు పసుపుతోపాటు గోధుమరంగు కూడా కలిపాను. పైకొసన ముదిరిన గింజ, అడుగున ఇంకా విరిసిన పువ్వు. చేను ఎలా ఉంటే బొమ్మ అలా వచ్చింది. దాన్ని ఆమెకు చూపిస్తే ముందుగా వేలుపెట్టి చూపింది ఆ గోధుమరంగు పట్టీనే. "ఇది ముందు కోస్తాం," అంది.

అరకు వెళ్లేవారికి ఒక మనవి. కుంచె పట్టడం రాకపోయినా ఫరవాలేదు, పిల్లలకు ఒక పెన్సిలూ కాగితమూ ఇచ్చి ఒకే గట్టున గంటసేపు కూర్చోబెట్టండి. చేలోకి మాత్రం దిగనివ్వకండి. వలిసెపూలు నవంబరు నడుమ నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. ఉన్ని బట్టలు మరువవద్దు.