అద్దంలో మీథేన్

మా నాన్న ఎద్దును కొనేటప్పుడు ఒక పక్కనుంచి చూసి బేరమాడడు. చుట్టూ తిరుగుతాడు, పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఆయన కొడుకునైన నేను మాత్రం రెండేళ్ళపాటు అణువుల్ని నల్లబల్ల మీద ఒక పక్కనుంచే చూసి, అర్థమైనట్టు తలూపాను.

ఫలితం ఇంటర్నల్ పరీక్షలో తేలింది. 20కి 4 మార్కులు! నీటికి ఒక అక్షం, రెండు దర్పణ తలాలు. అమ్మోనియాకి ఒక అక్షం, మూడు తలాలు. ఇవి బట్టీ పట్టొచ్చు. మీథేన్ దగ్గర ఎస్4 అక్షం అడ్డుపడింది. 90 డిగ్రీలు తిప్పి, ఆపైన అద్దంలో ప్రతిబింబం తియ్యాలట. "చదువెలా వుందిరా?" అని నాన్న ఫోన్లో అడిగితే "బాగానే వుంది" అన్నాను. మిరపకాయలమ్మి ఫీజు కట్టిన మనిషితో అబద్ధమాడాను.

హాస్టల్లో బంకమన్ను ఉండలకి చీపురుపుల్లలు గుచ్చి మీథేన్ తయారుచేశాను. తిప్పడం తేలికే. కాని మట్టిబొమ్మను అద్దంలోకి పంపడం ఎవరి తరం?

చివరికి సిగ్గు విడిచి, "సార్, నాకు కనపడటం లేదు" అన్నాను. ఆయన కోప్పడలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అమెరికాలోని ఓటర్‌బైన్ యూనివర్సిటీ వాళ్ళు విద్యార్థుల కోసం పెట్టిన సౌష్ఠవ ప్రదర్శన తెరిచారు. "మీథేన్ చుట్టూ ఒక ఘనం వున్నదనుకో. హైడ్రోజన్లు ఒక మూల విడిచి ఒక మూలలో నాలుగున్నాయి" అన్నారు.

బొత్తాం నొక్కాను. 90 డిగ్రీలు తిరిగేసరికి నాలుగూ ఖాళీ మూలల్లోకి వెళ్ళాయి. మునుపటిలా లేదు! తర్వాత పైవి కిందికీ, కిందివి పైకీ తలం దాటి వచ్చి, మొదటి నాలుగు చోట్లలోనే సర్దుకున్నాయి. ఒక్క తిప్పుడూ చాలదు, ఒక్క అద్దమూ చాలదు. రెండూ కలిస్తేనే సౌష్ఠవం. ఘనం ఎదురెదురు ముఖాల గుండా అలాంటి అక్షాలు మూడున్నాయి.

ఆపైన ఎల్లీన్ అణువు తెచ్చి, "నొక్కకముందే ఏది ఎక్కడికి వెళ్తుందో చెప్పు" అన్నారు. రెండుసార్లు తప్పాను, మూడోసారి చెప్పాను. అసలు చదువు అక్కడ జరిగింది.

తర్వాతి పరీక్షలో 14 వచ్చాయి. నాన్నకి 4 సంగతీ, 14 సంగతీ రెండూ చెప్పేశాను. "ముందే అడగలేకపోయావట్రా?" అన్నారు, అంతే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకూ నా మాటిదే. కనపడకపోతే తలూపకండి. అడగండి.